ఖాయ్ మాస్టారు గీసిన బొమ్మ

ఖాయ్ మాస్టారు బోర్డు మీద బొమ్మ గీసేటప్పుడు స్కేలు అడగరు. ముందు భుజం ఒకసారి విదిలించుకుంటారు. ఎడమ నుంచి కుడికి చెయ్యి ఒక్క ఊపున సాగుతుంది, అడ్డగీత పడుతుంది. బొటనవేలి వెడల్పుతో కొలుస్తూ దాని మీద చుక్కలు పెడతారు. ఆ పైన సుద్దముక్కని కాస్త పక్కకి వాల్చి, మధ్యలో ఎక్కడా ఎత్తకుండా అలని గీసేస్తారు. పైన వంపు ఎంత గుండ్రంగా వస్తుందో కింద వంపూ అంతే గుండ్రంగా వస్తుంది. అప్పుడు చేతులు దులుపుకుని, బోర్డు వంక కాకుండా కూర్చున్నవాళ్ళ వంక చూస్తారు.

ఆ రోజు పొద్దున కూడా అలాగే చూశారు. మెకాంగ్ నది పాయ ఒడ్డున ఉన్న ఆ స్కూలు హాల్లో జిల్లా నలుమూలల నుంచి వచ్చిన లెక్కల టీచర్లు కూర్చుని ఉన్నారు. పదకొండో తరగతి పెద్ద పరీక్ష పేపర్లు దిద్దాలి. పిల్లల పేరూ, స్కూలు పేరూ ఉండే పైముక్కని ప్రతి పేపరు నుంచీ కత్తిరించి వేరే పెట్టెలో పెట్టి సీలు వేసేశారు. ఏ పేపరు ఎవరిదో దిద్దేవాళ్ళకి తెలియదు. ప్రశ్నలు తయారుచేసిందీ, వాటి జవాబుల నమూనా రాసిందీ ఖాయ్ మాస్టారే. ఈ ఏడాదితో ఆయన ఉద్యోగం అయిపోతోంది. హాల్లో ఉన్న టీచర్లలో చాలామంది ఒకప్పుడు ఆయన దగ్గర చెవులు మెలిపెట్టించుకున్నవాళ్ళే. జుట్టు నెరిసినవాళ్ళు కూడా ఆయన లోపలికి రాగానే లేచి నిలబడ్డారు.

"నాలుగో ప్రశ్న," అన్నారు మాస్టారు. "y = sin x బొమ్మతో మొదలుపెట్టి y = 2 sin(2x − π/3) బొమ్మ తేవాలి. పనులు మూడు. ముందు అలని అడ్డంగా సగానికి నొక్కాలి. తర్వాత కుడికి జరపాలి. ఆఖర్న నిలువుగా రెండింతలు సాగదీయాలి. రెండో భాగం ఈ బొమ్మని చూసి చెప్పాల్సిందే కాబట్టి, బొమ్మ తప్పితే అదీ పోతుంది. జాలి పడకండి."

వెనక బల్ల నుంచి దాత్ లేచాడు. టీచర్లందరిలోకీ చిన్నవాడు, కొత్త మోటార్‌సైకిలు కొన్నప్పటి నుంచీ హెల్మెట్ చంకలోంచి దించడు.

"కుడికి ఎంత జరపాలి మాస్టారూ?"

"పై బై త్రీ. చేతిలో నమూనా కాగితం పెట్టుకుని నన్నడుగుతావేంరా? కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయొచ్చావా?"

అందరూ నవ్వారు. దాత్ ఇంకేదో అనబోయి, తల గోక్కుని కూర్చున్నాడు.

ఒక్కో పేపరునీ ఇద్దరు దిద్దాలి. మాస్టారి పక్కన కూర్చున్నది లోవాన్. ఆమె కూడా ఆయన శిష్యురాలే, ఇప్పుడు నది అవతలి స్కూల్లో లెక్కలు చెబుతోంది. మాస్టారు ఎర్ర పెన్నుతో మార్కు వేసి పేపరు పక్కకి జరిపితే, ఆమె చూసి కింద సంతకం పెట్టేది. ఫ్యాన్లు గిరగిర తిరుగుతున్నా కాగితాలు ఎగరకుండా టీ కప్పులు బరువుగా పెట్టారు. ఆయన పేజీ తిప్పే తీరే వేరు. అంకెల జోలికి పోకుండా ముందు బొమ్మ చూస్తారు. అల అడ్డగీతని దాటే చోటు మీద పెన్ను మొన పెడతారు. π/3 దగ్గర దాటితే టిక్కు.

ఒక పేపర్లో అల π/6 దగ్గర దాటింది.

"ఇదిగో, వీడు సగమే జరిపాడు. మధ్యలో అలిసిపోయాడు కాబోలు," అని సున్నా చుట్టి పక్కకి తోశారు.

లోవాన్ పెన్ను ఆ కాగితం మీద ఆగింది. "గీత మాత్రం చాలా బాగా గీశాడు మాస్టారూ," అంది.

"బాగుంటే? పక్కవాళ్ళ స్థలంలో కట్టిన ఇల్లు ఎంత బాగుంటే మాత్రం ఏం లాభం?"

ఆమె నవ్వలేదు, ఆయన మొహం వంక కూడా చూడలేదు. సంతకం పెట్టింది. అలా సగమే జరిపిన పేపర్లు ఆ రోజు ఆయన చేతికి చాలానే వచ్చాయి. ఈ తరం పిల్లలకి శ్రద్ధ లేదని ఆయన గొణుక్కుంటూనే ఉన్నారు. సాయంత్రానికి దిద్దిన కట్టలకి నైలాన్ తాడు బిగించి, ఎవరి కట్టల మీద వాళ్ళ పేరు రాసి, బీరువాలో పెట్టారు.

స్కూలు గేటు ఎదురుగా చిన్ అనే ఆవిడ నూకల అన్నం హోటలు నడుపుతుంది. నాలుగు రేకు బల్లలు, నీలంరంగు ప్లాస్టిక్ స్టూళ్ళు, రోడ్డు వైపు బొగ్గుల మీద కాలుతున్న పంది మాంసం. పేపర్లు దిద్దడానికి వచ్చిన ప్రతిసారీ మాస్టారి భోజనం అక్కడే. ఆవిడ కూతురు లాయ్ మంచు వేసిన టీ తెచ్చి పెట్టి, వెళ్ళిపోకుండా అక్కడే నిలబడింది. ఆ పిల్ల పదకొండో తరగతి పరీక్ష రాసిందని ఆయనకి తెలుసు.

"మాస్టారూ, ఒకటి అడగనా? నాలుగో ప్రశ్నలో ఎంత జరపాలి?"

బయట ఎవరితోనూ పేపరు సంగతి మాట్లాడకూడదు. కానీ లెక్క అడిగితే నోరు కట్టుకోవడం ఆయనకి పుట్టుకతో రాలేదు.

"నువ్వెంత జరిపావు?"

"పై బై సిక్స్."

"పోయింది! అందరూ పడ్డ గోతిలోనే నువ్వూ పడ్డావు. లోపల పై బై త్రీ అని రాసుంటే సగం ఎందుకు జరిపావే తల్లీ?"

పిల్ల మొహం మాడిపోయింది. కానీ వెనక్కి తగ్గలేదు. ఒక చాప్‌స్టిక్ తీసి టీలో ముంచి రేకు బల్ల మీద తడిగీత గీసింది.

"ముందు సగానికి నొక్కాం కదా మాస్టారూ. నొక్కేసిన అలని జరిపేటప్పుడు జరిపే దూరం కూడా సగమే అవ్వాలి కదా. ముందు జరిపి తర్వాత నొక్కితే అయితే పై బై త్రీయే."

"మాటలొద్దు, లెక్క చెప్పు. ఎక్స్ సున్నా అయితే ఎంత?"

"మైనస్ రూట్ త్రీ."

"నా బొమ్మలోనూ మైనస్ రూట్ త్రీయే. ఇంకేం కావాలి?"

"నా బొమ్మలో కూడా అంతేనండీ. రెండూ నిలువు గీతని ఒకే చోట కోస్తాయి. కానీ నాది అక్కణ్ణించి పైకి ఎక్కుతుంది." పిల్ల అరచెయ్యి గాల్లో ఎత్తి చూపించింది. "మీది కిందకి దిగుతుంది."

మాస్టారు పకపకా నవ్వారు. "అల ఎక్కడమూ దిగడమూ నీ ఇష్టమా?"

"పెద్దాయనతో వాదనేంటే, ఒళ్ళు కొవ్వెక్కిందా?" చిన్ పొయ్యి దగ్గర్నించే అరిచింది. విసనకర్ర పక్కన పడేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. "మాస్టారూ, మీతో దాపరికం ఏముంది. ఇది ఈసారి లెక్కల్లో తప్పితే ఇంకో ఏడాది అదే క్లాసులో కూర్చోబెట్టే ఓపిక నాకు లేదు. మా అక్క కూతురు రొయ్యల ఫ్యాక్టరీలో చేస్తోంది. ఎల్లుండి పొద్దున రేవు దగ్గరికి వాళ్ళ వ్యాను వస్తోంది, ఈ వీధి పిల్లలు వెళ్తున్నారు. ఇదేమో ఫలితాలు వచ్చేదాకా ఆగుదాం అంటుంది. అప్పటికి ఆ వ్యాను ఉంటుందా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇది గట్టెక్కుతుందా?"

"మిగతావన్నీ సగం సగం చేశాను మాస్టారూ," అంది లాయ్. "నాలుగోదాని మీదే ప్రాణం పెట్టుకున్నాను."

అబద్ధపు ఆశ పెట్టడం పాపం అనుకునే మనిషి ఆయన. అందుకే చెప్పేశారు. "మరైతే కష్టమేనమ్మా."

లాయ్ తడిగుడ్డ తెచ్చి బల్ల మీది గీతని తుడిచేసి లోపలికి వెళ్ళిపోయింది. చిన్ మాత్రం బరువు దించుకున్నట్టు నిట్టూర్చి, ఆయన కంచంలో ఇంకో మాంసం ముక్క వేసింది.

పిల్ల మొహం మాస్టారిని వదల్లేదు. తెల్లారగానే బసలో కాఫీ ఫిల్టరు కింద గ్లాసు పెట్టి, ఆమెకి అర్థమయ్యేలా చక్కగా గీసి ఇద్దామని తెల్లకాగితం తీసుకున్నారు. ఎందుకు పై బై త్రీయో చిన్న పట్టికతో సహా చూపిస్తే పిల్ల మనసు కుదుటపడుతుంది, తప్పు చేసినా నేర్చుకున్న తృప్తి ఉంటుంది అనుకున్నారు. పట్టిక మొదటి గడిలో π/3 వేశారు. రెట్టింపు చేసి, అందులోంచి π/3 తీసేశారు. π/3 మిగిలింది. దాని సైను సున్నా కాదు.

పెన్ను ఆగిపోయింది. గుణకారం తప్పిందేమోనని మళ్ళీ చేశారు. ఆయన బొమ్మలో అల అడ్డగీతని దాటే చోట, నిజానికి అల దాదాపు శిఖరం దగ్గర ఉండాలి. π/6 వేసి చూశారు. అప్పుడు చక్కగా సున్నా వచ్చింది.

కాఫీ చుక్కచుక్కగా కారి గ్లాసు నిండింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆయన పిల్లలకి ముందు జరపమనీ, తర్వాత నొక్కమనీ నేర్పారు. అలా చేస్తే π/3 సరైనదే, నొక్కేటప్పుడు జరిపిన దూరం కూడా నొక్కుకుపోతుంది. ఈసారి కొత్త పాఠ్యపుస్తకం వరసే పాటించాలని పైనుంచి చెప్పారు. అందులో ముందు నొక్కడం, తర్వాత జరపడం. నమూనాలో ఆయన పనుల వరస మార్చారు, అంకె మార్చలేదు. సరిచూసుకోవడానికి x సున్నా దగ్గర వేసి చూసి, మైనస్ రూట్ త్రీ రాగానే మురిసిపోయి కాగితం మడిచేశారు. తప్పు బొమ్మా ఒప్పు బొమ్మా కలిసే చోటే చూసి సంతకం పెట్టారు.

ఆ చోటు గురించి నిన్న ఒక పిల్ల చెయ్యెత్తి మరీ చూపించింది. ఆయన నవ్వారు.

హాలుకి వెళ్ళేటప్పుడు చెప్పెయ్యాలనే వెళ్ళారు. గుమ్మం దాటగానే పేపర్లు దిద్దే బోర్డు అధ్యక్షుడు ఫాత్ గారు ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నారు. ఆయన్ని వేదిక ముందుకి తీసుకెళ్ళి, గొంతు సవరించుకుని ప్రకటించారు: "రేపు మన పని ముగిశాక మాస్టారికి వీడ్కోలు సభ. జిల్లాలో లెక్కలంటే ఎవరు గుర్తొస్తారు? ఖాయ్ మాస్టారే కదా!" హాలంతా చప్పట్లు. గోడకి ఎర్ర గుడ్డ బ్యానరు అప్పటికే కట్టేశారు, మీద పసుపు అక్షరాలతో ఆయన పేరు ఉంది. దాని పక్కనే బోర్డు. బోర్డు మీద నిన్నటి బొమ్మ ఎవరూ చెరపకుండా అలాగే ఉంది.

మాస్టారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. చప్పట్లు ఆగాక చెబుదాం అనుకున్నారు. ఆగాక, టీ వేళకి చెబుదాం అనుకున్నారు.

ఎదురుగా కట్ట. మొదటి పేపర్లో అల π/3 దగ్గర దాటింది. తప్పు. నమూనా ప్రకారం పూర్తి మార్కులు. టిక్కు పెట్టి, లోవాన్ వైపు తోశారు. రెండో పేపర్లో π/6 దగ్గర. దాన్ని తీసి కట్ట అడుక్కి పెట్టారు. మళ్ళీ అలాంటిది వస్తే మళ్ళీ అడుక్కి పెట్టారు. దొంగలా పక్కచూపు చూస్తే లోవాన్ కిటికీ వైపు చూస్తోంది. కాసేపటికి కట్టలో అడుక్కి పెట్టినవే మిగిలాయి. ఇంక తప్పించుకునే దారి లేక, కళ్ళు సగం మూసుకుని వాటి మీద సున్నాలు చుట్టారు. అంత నీచమైన పని తన జన్మలో చెయ్యలేదని చేస్తున్నప్పుడే ఆయనకి తెలుసు. తెలిసీ చేశారు.

టీ వేళ ఫాత్ గారిని వరండాలోకి పిలిచారు.

"ఒకవేళ నమూనాలోనే తప్పుంటే ఏం చేస్తారు?"

"నమూనాలో తప్పేమిటి మాస్టారూ! అచ్చుతప్పా?"

"అచ్చుతప్పు కాదు. మామూలుగా అడుగుతున్నాను."

ఫాత్ గారు సిగరెట్ వెలిగించి నవ్వారు. "మామూలుగా అయితే, నా ఉద్యోగం ఊడుతుంది. పైకి రిపోర్టు రాయాలి, దిద్దినవన్నీ మళ్ళీ దిద్దాలి, సంతకం పెట్టిన ప్రతివాడూ సంజాయిషీ ఇచ్చుకోవాలి. దేవుడి దయవల్ల రాసింది మీరు. మీరు రాస్తే ఇంక చూసుకోనక్కర్లేదని నేను కూడా చదవకుండానే సీలు వేశాను." భుజం తట్టి వెళ్ళిపోయారు.

సాయంత్రం మాస్టారు చిన్ హోటలుకి వెళ్ళారు. ఆకలేసి వెళ్ళలేదు. లోపలి గుమ్మం దగ్గర జిప్పు పాడైన సంచి ఒకటి తాడుతో కట్టి ఉంది. పక్కన రబ్బరు బూట్ల జత, ఫ్యాక్టరీ నీళ్ళలో నిలబడటానికి. లాయ్ గిన్నెలు తోముతోంది. ఆయన్ని చూసి తలవంచి నమస్కారం పెట్టి, మళ్ళీ పీచు అందుకుంది.

"మీ దయ మాస్టారూ," అంది చిన్, అన్నం పెడుతూ. "మీరు ముక్కుసూటిగా చెప్పబట్టి సరిపోయింది. నేను నెలరోజులుగా మొత్తుకుంటే వినని పిల్ల, మీరు ఒక్కమాట అనేసరికి తనే సంచి సర్దుకుంది. ఇంక నాకు బెంగ లేదు."

మాస్టారు తినడం ఆపారు. "ఫలితాలు వచ్చేదాకా ఆగకూడదూ?" అన్నారు.

"ఎందుకు? మీరే చెప్పారుగా."

అవును, ఆయనే చెప్పారు. ఇప్పుడు నోరు తెరిచి ఇంకో మాట చెప్పాలి, చిన్న మాట. ఎర్ర గుడ్డ మీది పసుపు అక్షరాలు కళ్ళ ముందు ఆడాయి. సంజాయిషీలు రాసుకుంటూ కూర్చునే శిష్యులు కనిపించారు. ఊళ్ళో ఇంక తల ఎత్తుకుని తిరిగేదెలా? ఆయన సగం కంచం వదిలేసి లేచిపోయారు. వెనక నుంచి చిన్, "ఒంట్లో బాలేదా మాస్టారూ, అల్లం నీళ్ళు కాచనా?" అని అడుగుతూనే ఉంది. ఆ దయని భరించడం ఆయన వల్ల కాలేదు.

తెల్లవారాక ఆ హోటలు ముందు బొగ్గులు ఇంకా అంటుకోకముందే ఆయన వచ్చి నిలబడ్డారు. గడ్డం గీసుకోలేదు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నారు. కొత్త చొక్కా వేసుకున్న లాయ్ స్టూలు మీద కూర్చుని బూట్లు సంచిలోకి తోస్తోంది.

"అమ్మాయ్, నువ్వు గీసిందే సరైనది," అన్నారు. "పై బై సిక్సే. అల పైకే ఎక్కుతుంది. తప్పు నాది."

లాయ్ చేతులు సంచిలోనే ఉండిపోయాయి. సంతోషిస్తుందనుకున్నారు. ఆ పిల్ల మాత్రం, "నాకు తెలుసు మాస్టారూ," అంది మెల్లగా. "మీరు నవ్వాక, నాకు తెలిసిందే తప్పేమో అనుకున్నాను."

చిన్ విసనకర్రతో సహా బయటికి వచ్చింది. "అంటే ఇది పాసైనట్టేనా?"

"నమూనా దిద్దించాలి. అప్పుడు—"

"దిద్దిస్తారా? ఖాయంగా?"

ఆయన రోడ్డు అవతల స్కూలు గేటు వైపు చూశారు. ఏ బల్ల మీద ఏ కట్టలో ఉందో ఆ పిల్ల పేపరు. నిన్నంతా నోరు పెగలని మనిషి ఇవాళ మాత్రం ఏం చేస్తాడో ఆయనకే నమ్మకం లేదు.

ఆవిడకి కోపం వచ్చింది. "మాస్టారూ, పెద్దవారని ఊరుకుంటున్నాను. మొన్న కష్టం అన్నారు, దాని మనసు విరిచేశారు. ఇవాళ వచ్చి సరైనదే అంటారు, ఖాయమా అంటే మాట్లాడరు. మేమేం మనుషులం కాదా? పది గంటలకి రేవు దగ్గర వ్యాను కదులుతుంది. ఆలోగా ఖాయమని కబురొస్తే దీన్ని దింపుకుంటాను. లేకపోతే పంపేస్తాను. మీరింక దానికి ఆశ పెట్టకండి."

లాయ్ తల్లి చెయ్యి పట్టుకుని లాగింది, ఊరుకోమన్నట్టు. అంత జరిగాక కూడా ఆ పిల్ల ఆయన పరువు చూస్తోంది. మాస్టారు వెనక్కి తిరిగి రోడ్డు దాటారు.

హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. ఆయన ఎవర్నీ చూడకుండా తిన్నగా బోర్డు దగ్గరికి వెళ్ళారు. సుద్దముక్క తీసుకున్నారు. అడ్డగీత వంకరపోయింది. జీవితంలో మొదటిసారి స్కేలు అడిగారు, ముందు వరసలో ఎవరో అందించారు. పాత బొమ్మని చెరపకుండా, దాని మీదే ఒక్కో చుక్కా పెట్టుకుంటూ రెండో అల గీశారు. నిలువు గీత దగ్గర రెండు అలలూ కలిశాయి. అక్కణ్ణించి ఒకటి పైకి పోయింది, ఒకటి కిందకి దిగింది.

"పైకి పోయేదే సరైనది," అన్నారు బోర్డు వైపే చూస్తూ. "నేను రాసిన నమూనా తప్పు. వరస మార్చి అంకె మార్చలేదు. నా తలపొగరు వల్ల రెండు రోజులుగా మీ అందరి చేతా పిల్లల గొంతులు కోయించాను. నిన్న పొద్దుటికే నాకు తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు. ఫాత్ గారూ, రిపోర్టు రాసుకోండి. దిద్దినవన్నీ మళ్ళీ దిద్దాలి."

ఆ మాట అనేశాక సుద్దముక్క కింద పెట్టారు. కేకలు వస్తాయనుకున్నారు. అందరూ ఎవరి పేపర్లని వాళ్ళు చూసుకుంటున్నారు. ఆశ్చర్యపోయింది ఫాత్ గారొక్కరే.

చివరికి దాత్ లేచాడు. "అన్నీ మళ్ళీ దిద్దక్కర్లేదు మాస్టారూ."

"ఎందుకు?"

"మేము... సరిగ్గానే దిద్దాం." వాడు హెల్మెట్‌ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మొన్న మీరు బొమ్మ గీసినప్పుడే చూశాం. టీ తాగేటప్పుడు కుళాయి దగ్గర అనుకున్నాం, నమూనా పక్కన పెట్టేసి దిద్దుదామని. మీకు తెలియనివ్వకూడదని. ఇంకో నాలుగు రోజుల్లో రిటైరయ్యే మనిషి కదా, ఎందుకు బాధపెట్టడం అని."

మాస్టారికి ఒక్క క్షణం గుండెల మీంచి బండ దించినట్టయింది. పిల్లలు బతికారు. శిష్యులు తనకంటే తెలివైనవాళ్ళయ్యారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నవ్వబోయారు. అప్పుడు చూపు లోవాన్ మీద పడింది. ఆమె నవ్వడం లేదు.

"మరి నా కట్టలు?" అన్నారు.

దాత్ హెల్మెట్ పట్టీ సర్దుకున్నాడు.

"లోవాన్, నా కట్టల సంగతేంటి?"

"మీ కట్టలు మేం ముట్టుకోలేదు మాస్టారూ."

"నువ్వు నా పక్కనే కూర్చున్నావు. నేను సున్నా చుట్టిన ప్రతి పేపరు మీదా సంతకం పెట్టావు. తప్పని తెలిసే పెట్టావా?"

"తెలిసే పెట్టాను." ఆమె కళ్ళు తుడుచుకోను కూడా లేదు. "మీరు వేసిన మార్కుని నేను కొట్టేస్తానా? నాకు అంకెలు దిద్దబెట్టిన చెయ్యి అది. నిన్న మీరు ఆ పేపర్లని అడుక్కి తోస్తుంటే, మీకు తెలిసిపోయిందనీ తెలుసు. చెబుతారని ఎదురుచూశాను. మీరు సున్నాలు వేశారు. నేను సంతకాలు పెట్టాను."

అంటే జిల్లా మొత్తంలో అన్యాయమైపోయింది ఆయన చేతిలోంచి వెళ్ళిన పిల్లలే. ఆయన మీద గౌరవం కొద్దీ అంతమంది పెద్దవాళ్ళు ఆ పిల్లల్ని ఆయనకే వదిలేశారు. మాస్టారికి ఒళ్ళంతా మండింది. తిట్టడానికి నోరు తెరిచారు. కానీ ఎవర్ని తిట్టాలి? "ఎంత జరపాలి మాస్టారూ" అని దాత్ అడిగినప్పుడు కళ్ళజోడు మర్చిపోయావా అన్నది ఎవరు? కాదు అని మొహం మీద చెప్పిన ఒక్క పిల్ల ఆయన దగ్గర చదువుకోలేదు, రేవు దగ్గర వ్యానులో కూర్చోబోతోంది.

"మీకు నేను ఇదా నేర్పింది?" అన్నారు.

"ఇదే నేర్పారు మాస్టారూ," అంది లోవాన్. ఎత్తిపొడుపుగా అనలేదు, అడిగితే జవాబు చెప్పింది.

ఫాత్ గారు ఎట్టకేలకు తేరుకున్నారు. గడియారం చూశారు, బ్యానరు చూశారు, నుదురు తుడుచుకున్నారు. మధ్యాహ్నం లోపల అయితే ఇద్దరూ సంతకం పెట్టి మార్కు కొట్టేసి తిరగరాయొచ్చనీ, కట్టలు ఇక్కణ్ణించి పైకి వెళ్ళిపోతే తన చేతిలో ఏమీ ఉండదనీ చెప్పారు. బీరువా తెరిచారు. మాస్టారి పేరున్న కట్టలు వరసగా బయటికి వచ్చాయి. బల్ల సగం నిండింది.

"దాత్," అన్నారు మాస్టారు. "బండి ఉందిగా. రేవు దగ్గరికి పో. రొయ్యల ఫ్యాక్టరీ వ్యాను పదింటికి కదులుతుంది. అందులో లాయ్ అనే అమ్మాయి ఉంటుంది, పక్కన వాళ్ళమ్మ, మన హోటలావిడ. ఖాయమని చెప్పి ఆ పిల్లని దింపించు."

"ఏం చెప్పమంటారు మాస్టారూ?"

"ఖాయ్ మాస్టారు తప్పు గీశాడు, ఆ అమ్మాయి గీసిందే ఒప్పు అని చెప్పు. మార్కులు దిద్దుతున్నారని చెప్పు."

దాత్ కదల్లేదు. "మార్కుల్లో చిన్న పొరపాటు జరిగిందని చెబుతా—"

"అలా కాదు. నేను చెప్పినట్టు చెప్పు. లేకపోతే ఆవిడ నమ్మదు. నమ్మకూడదు కూడా. ఏదీ, ఇక్కడ నాకు చెప్పి చూపించు."

"మాస్టారూ..."

"చెప్పు."

దాత్ మొహం ఎర్రబడింది. ఇద్దరు పిల్లల తండ్రి, పాఠం రాని కుర్రాడిలా పక్కవాళ్ళ వంక చూశాడు. ఎవరూ అందించలేదు.

"ఖాయ్ మాస్టారు... తప్పు..." అని మింగేశాడు.

"వినపడలేదు. టైమైపోతోంది. గట్టిగా."

"ఖాయ్ మాస్టారు తప్పు గీశాడు!"

హాలంతా ఉలిక్కిపడింది. వాడు కూడా తన గొంతుకి తనే భయపడ్డట్టు నిలబడిపోయాడు. మాస్టారు తల ఊపారు. ఎప్పుడో వాడు మొదటిసారి లెక్క సరిగ్గా చేసినప్పుడు ఊపినట్టే ఊపారు.

"ఊఁ. వచ్చింది. ఇంక పరిగెత్తు."

మెట్ల మీద బూట్ల చప్పుడు, తర్వాత మోటార్‌సైకిలు గర్జన గేటు దాటి రేవు వైపు పోయాయి. మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటి కట్ట తాడు ముడి విప్పడం మొదలుపెట్టారు. ముడి బిగుసుకుపోయింది. లోవాన్ వంగి సాయం చెయ్యబోయి, ఆగి, "మాస్టారూ, అటు కాదు," అంది. "తప్పు కొస లాగుతున్నారు."

ఆయన చేతులు తీసేసి తాడు ఆమెకి ఇచ్చారు.